వాడిన బాడీ, అవ్వ కళ్లు

రైస్‌థార్ప్‌లో ఆ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఇంటి ముందుగదిలో ఆ శనివారం ఉన్నవాళ్లం నలుగురం: ఫొటోగ్రాఫర్, నేను, నేను అద్దెకుంటున్న ఇంటి అవ్వ, ఆవిడ కొడుకు. ఉన్న వస్తువులు: అమ్మకానికి రెండు డిజిటల్ ఎస్సెల్లార్ బాడీలు, అంటే లెన్సు లేని ఒట్టి కెమెరాలు, నా పాత బాడీ ఒకటి, నా లెన్సులు రెండు, నేను గీసుకెళ్లిన పట్టిక ఒకటి, అవ్వ తెచ్చిన మురుకుల డబ్బా ఒకటి.

పట్టికలో పదకొండు వరుసలున్నాయి. నిజానికి నాకు కావలసినవి రెండే: ఫ్లాష్ లేకుండా మసక వెలుతురులో బొమ్మ ఎంత శుభ్రంగా వస్తుంది, సెకనుకు ఎన్ని ఫ్రేములు పడతాయి. ఎందుకంటే మరుసటి వారం అవ్వకు ఎనభై నిండుతాయి, ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో కూడా ఆవిడ కళ్లు తెరిచి లేవు. పెళ్లి ఫొటోలో లేవు. పిల్లలను ఎత్తుకున్న వాటిలో లేవు. 1994లో ఆ దేశంలో అన్ని రంగులవాళ్లకూ ఓటు వచ్చినప్పుడు, మొదటిసారి ఓటు వేయడానికి క్యూలో నిలబడితే కొడుకు తీసిన దానిలోనూ లేవు. "మా అమ్మ నిద్రలో ఓటేసింది" అని ఆయన పన్నెండేళ్లుగా అందరికీ చెబుతున్నాడు.

అవ్వ బాధ వేరు. మేముండే మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో, వాళ్ల ఇంటి హాల్లో గోడ మీద ఆవిడ భర్త, అత్తగారు దండలేసుకుని, కళ్లు విప్పార్చి, వచ్చేపోయేవాళ్లను చూస్తుంటారు.

"రేపు నేను పోతా. గోడ మీద కూడా నిద్దరేనా? వచ్చినోళ్లని నేను చూడొద్దా?" అంది నాతో.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరును. సమస్య అర్థమైందనుకున్నాను. ఫ్లాష్ వెలగగానే రెప్ప పడుతోంది. ఫ్లాష్ మానేస్తే నా పాత బాడీ బొమ్మంతా ఇసుక చల్లినట్టు తీస్తుంది, పైగా సెకనుకు రెండున్నర ఫ్రేములే. కనుక బాడీ మార్చాలి. నా బడ్జెట్ చిన్నది. పాత బాడీ మార్పిడికి ఇస్తేనే సరిపోతుంది.

ఈ బాడీ అనే మాట దగ్గరే మొదటి గొడవ వచ్చింది. ముందురోజు సాయంత్రం వంటింటి పక్కన నిలబడి, పోర్ట్ షెప్‌స్టోన్‌లో పనిచేసే మా ఊరి మిత్రుడితో ఫోన్లో మాట్లాడుతున్నాను.

"వాడిన బాడీయేరా. ఆయన భార్యదట. పెళ్లిళ్లకు మాత్రమే వాడిందట. లోపల శుభ్రంగానే ఉందంటున్నాడు. రేపు వెళ్లి చేత్తో పట్టుకుని చూస్తాను."

అవ్వ గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఏంరా, సిగ్గు లేదా నీకు? ఎవరి పెళ్లాం బాడీ తెస్తావు నా ఇంట్లోకి? ఐకోనా! నా ఇంట్లో ఐకోనా!"

ఐకోనా అంటే అక్కడివాళ్ల మాటలో కుదరదంటే కుదరదని. అవ్వ తెలుగు, వాళ్ల నాయనమ్మ చెరుకుతోటల కూలికి వస్తూ ఓడలో తెచ్చుకున్న కోస్తా పల్లె తెలుగు. అందులో బాడీ అంటే ఆడవాళ్లు జాకెట్టు లోపల వేసుకునేది, ఇంకోటి కాదు. కొడుకు పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వు తగ్గాక ఇంగ్లీషులో వివరించాడు. అవ్వ సగమే నమ్మింది.

"నేనూ వస్తా. చూస్తా ఏ బాడీయో."

పరీక్షకు అసలు మనిషే దొరకడం నాకూ నచ్చింది.

రైస్‌థార్ప్‌లో ముందు కర్టెన్లు మూయించాను. అవ్వ కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది. మొదటి బాడీ సెకనుకు మూడు ఫ్రేములు. నలభై తీశాను. నలభైలోనూ కళ్లు మూసి ఉన్నాయి. రెండోది, ఫొటోగ్రాఫర్ భార్య వాడినది, సెకనుకు ఐదు. రెప్ప పడి లేవడానికి సెకనులో మూడో వంతు చాలు, కాబట్టి ఐదింటిలో మూడైనా దొరకాలి. అరవై తీశాను. అరవైలోనూ మూసే ఉన్నాయి. పట్టికలో ఈ ఫలితం రాయడానికి చోటు లేదు.

ఫొటోగ్రాఫర్ మురుకు కొరుకుతూ కెమెరా తెరలోకి తొంగిచూశాడు. "బాడీల్లో తప్పేం లేదు, మ్యాన్. ఆంటీకే సర్వీసింగ్ చేయించాలి," అన్నాడు ఇంగ్లీషులో.

"నా మురుకు తింటా నాకే సర్వీసింగా?" అంది అవ్వ, కళ్లు మూసుకునే.

అప్పుడు గమనించాను. కెమెరా దించి చాలాసేపయింది. ఆవిడ కళ్లు మాత్రం ఇంకా మూసి ఉన్నాయి. ఇది రెప్పపాటు కాదు.

"అవ్వా, కళ్లెందుకు మూసుకున్నావు?"

"ఫోటో తీస్తన్నావు కదా."

"తీస్తే?"

"మా నాయన చెప్పినాడు. మొదటి ఫోటో, తోట కూలోళ్ల బారక్స్ కాడ. పెద్ద మెరుపు వస్తది, కళ్లు పోతాయి, గట్టిగా మూసుకో అన్నాడు. మూసుకున్నా."

"మళ్లీ తెరవమనలేదా?"

"ఆయన పోయి యాభై ఏళ్లు. ఎవరు చెప్తారు?"

కొడుకు తెల్లబోయాడు. "ఇన్నేళ్లూ ఈ మాట చెప్పలేదేమే?"

"నువ్వు ఎప్పుడు అడిగినావు? నవ్వినావు, అంతే."

నా పదకొండు వరుసల్లోనూ ఆవిడను అడగడమన్నది లేదు.

మెరుపు రాదని ఒట్టు వేశాను. "మీ అమ్మ మీద?" అంది. మా అమ్మ మీదే వేశాను. ఫొటోగ్రాఫర్ అప్పటికే తన బాడీలు రెండూ సంచిలో సర్దేస్తున్నాడు. చేతికందింది నా పాతదే. కర్టెన్లు తీసేశాం. మొదటి మూడింటిలో కళ్లు మూసే ఉన్నాయి. తర్వాతి మూడింటిలో ఎడమ కన్ను ఒక్కటే తెరిచి, తలుపు సందులోంచి అప్పులవాడిని చూసినట్టు చూసింది.

"రెండోది కూడా, అవ్వా."

"ఏంరా తొందర? ఎనభై ఏళ్లు ఆగినా!" అని కసిరింది, రెండు కళ్లూ తెరిచి. నొక్కాను.

తెరను చాలాసేపు చూసుకుంది. "నేను ఇట్లా చూస్తానా? కోపంగా ఉన్నానే." ఇంకాసేపు చూసింది. "మంచిదే. వచ్చినోళ్లు బయపడతారు."

అయినా ఐదు ఫ్రేములది తీసుకుంటానన్నాను. ఫొటోగ్రాఫర్ దాన్ని సంచిలోంచి తీసి, మార్పిడి కోసం నా పాత బాడీకి చెయ్యి చాచాడు. అవ్వ దాన్ని కొంగులో చుట్టేసుకుంది.

"ఐకోనా. ఇది ఇయ్యను. నా కళ్లు దీంట్లో ఉన్నాయి."

ఫొటో ఉండేది కార్డులో అని, కార్డు ఊడి వస్తుందని చెప్పాను. ఊడదీసి చూపించాను. కొడుకు ఇంగ్లీషులో వివరించాడు. ఈసారి పూర్తిగా అర్థమైంది, అయినా ఒప్పుకోలేదు. మార్పిడి లేనిదే బడ్జెట్ చాలదు. తీసుకెళ్లిన బాడీతోనే తిరిగి కారెక్కాను.

"ఎవరి పెళ్లాందో మనకెందుకురా," అంది అవ్వ వెనక సీట్లోంచి. "నీకు సొంత బాడీ ఉంది కదా."

ఆ రోజు తీసిన ఫ్రేములు నూట ఏడు. రెండు కళ్లూ తెరిచి ఉన్నది ఒకటి.