ఇరవై నిమిషాల గాజు గొట్టం

మదనపల్లె బస్టాండులో టీ గ్లాసులు కడిగే తీరు మీద నాకొక పాత ఫిర్యాదు ఉంది. పొద్దుటి నుంచి ఒకే బకెట్టు నీళ్ళు, అందులోనే ముంచి తీస్తారు. గాజన్నాక తళతళ మెరవాలని, తొంభైల చివర్లో కుప్పం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో డాక్టరుగా చేరేదాకా గట్టిగా నమ్మాను.

ఒక మధ్యాహ్నం గుడుపల్లె వైపు నుంచి ఒక రైతు తన భార్యను ఆటోలో తెచ్చాడు. చెనిక్కాయ చేలో కలుపు తీస్తుంటే కాలి మీద ఏదో కరిచింది. ఆయన పాము తోక చూశాడు. తల ఎవరూ చూడలేదు. ముళ్ళ గీతల మధ్య కాటేదో తెలియలేదు. విషం ఎక్కిందో లేదో తేల్చడానికి మాకున్న యంత్రాంగమంతా ఒక గాజు గొట్టం. అందులో రోగి రక్తం కాస్త పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకడితే ఊరట. కట్టకపోతే రక్తపింజరి లాంటి దాని విషమే, మందు ఎక్కించాలి. ఆ మందు ఒక్కరికి సరిపడా ఉంది. అదీ కొందరికి పడదు, పడకపోతే ప్రాణం మీదికి తెస్తుంది.

గొట్టం ముందు నిలబడ్డాను. ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు.

"పెరుగు తోడుకునేదానికే రాత్రంతా పడతాది. ఇది ఇరవై నిమిషాల్లో యాడ పేరుకుంటాది సార్?"

వంచాను. నీళ్ళలా జారింది.

మందు సిద్ధం చేయమని నర్సుకు చెప్పాను. కానీ కాలు వాయలేదు, రక్తం కారడం లేదు. గొట్టం మాత్రం అద్దంలా ఉంది. ఎవరు కడిగారని అడిగితే ఆయా ముందుకొచ్చింది.

"సబ్బు పొడేసి మూడు తూర్లు తోమినా సార్. మీ మొగం కనపడేట్టు."

సబ్బు అంటిన గాజులో మంచి రక్తం కూడా గడ్డకట్టదని చదువుకున్నాను. చదివింది ఎప్పుడో పనికొస్తుందని అనుకోలేదు, అంతే.

పెట్టెలోంచి కొత్త గొట్టం తీసి ఆమె రక్తం పోశాను. ఆయా తోమిన ఇంకో గొట్టంలో నా రక్తం పోశాను. మళ్ళీ ఇరవై నిమిషాలు. ఆమెది గట్టిగా నిలిచింది. నాది జారిపోయింది. పరీక్ష ప్రకారం విషం ఎక్కింది నాకు.

కొన్నిసార్లు విషం ఆలస్యంగా ఎక్కుతుంది కనుక ఆరు గంటల తర్వాత మళ్ళీ చూస్తామని, ఇప్పటికి భయం లేదని, ఆయన్ను పక్కకు పిలిచి కాస్త గర్వంగానే వివరించాను. అప్పటిదాకా నోరు విప్పని ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"సచ్చేదీ బతికేదీ నేను. ఆయప్పకు సెప్తాండావు యాలప్పా?"