మబ్బులో పెట్టిన పాటలు

పెద్దమ్మ పాటలు మబ్బులో ఉన్నాయని ఉక్కు ప్లాంట్ పక్కనున్న మా క్యాంప్ 2 బస్తీ చర్చిలో ముందుగా ప్రకటించింది నేనే. ఆదివారం ఆరాధన అయిపోయి, ఆడవాళ్ళం వెనక వరండాలో టీ తాగుతున్నాం. అందరూ గ్లాసులు దించి నా వైపు చూశారు.

"మబ్బులోనా? వానొస్తే ఏటైపోతాయే అమ్మీ?" అంది పెద్దమ్మ.

"నిజం మబ్బు కాదు పెద్దమ్మా. క్లౌడ్ అంటారంట. ఎక్కడో దూరాన పెద్ద పెద్ద కంప్యూటర్లు పెట్టుంచారు. మనం ఇక్కణ్ణుంచే వాటిలో పాటలు దాసుకోవచ్చు. నందిని గని కాలనీలో వాళ్ళు ఫోన్ నొక్కితే అక్కడ ఇనపడతాయి."

"ఏ మబ్బైతే ఏటి. ప్రభువు వచ్చీది మేఘాల మీదే కదా. దారిలో ఆయనా ఓపాలి ఇంటాడు," అని ఆవిడ టీ ఊదుకుంది.

ఆ మాటకి నవ్వూ ఆనందమూ కలిసి నాకు తల తిరిగినట్టయింది. ఆ నెలంతా నాకు తల తిరుగుతూనే ఉంది.

మేం బతుకుతున్న ఈ హిందీ రాష్ట్రం పుట్టి పదేళ్ళు దాటిన కొత్త రోజులవి. పెద్దమ్మ అని చర్చంతా పిలిచే ఆవిడ నాకు చుట్టం కాదు. ఆవిడ భర్త నందిని సున్నపురాయి గనిలో పనిచేశాడు. గని కాలనీలో కొద్దిపాటి తెలుగిళ్ళు పోగై ప్రార్థన చేసుకునే కాలంలో, శ్రీకాకుళంలో నాట్లు వేస్తూ పాడుకునే బాణీల్లో ఆవిడ క్రిస్మస్ పాటలు కట్టింది. అవి ఏ పాటల పుస్తకంలోనూ లేవు, ఆవిడ నోట్లోనే ఉన్నాయి. ఆయన పోయాక క్యాంప్ 2లో కూతురి దగ్గరికి వచ్చేసింది. తర్వాత మోకాళ్ళు బస్సు మెట్లెక్కనివ్వడం మానేశాయి.

నందిని డిస్పెన్సరీలో నర్సుగా చేసే అక్క ఒకరోజు మమ్మల్ని చూడటానికి వచ్చి, అక్కడ పాడేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారనీ, పిల్లలకి తెలుగు సరిగా రాదనీ, కిందటి క్రిస్మస్‌కి అన్నీ హిందీ పాటలే అయ్యాయనీ చెప్పింది. నర్సక్క వెళ్ళాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఈ క్రిస్మస్‌కి నందినిలో నా పాట ఇనపడాలే అమ్మీ. నానడిగీది అదొక్కటే."

ముందు సీడీ చేసి పంపాం. అక్కడి ప్లేయర్ దాన్ని నత్తిగా పలికింది. ఇంకోటి పంపితే అదీ అంతే. అప్పుడు మా ఆడపడుచు రంగంలోకి దిగింది. ఆ పిల్ల దుర్గ్‌లో కంప్యూటర్లు నేర్పే చోట పాఠాలు చెప్పేది. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి నన్ను వదినా అని ఎప్పుడూ పిలవలేదు.

"భాభీ, క్లౌడ్‌లో ఒక సర్వర్ తీసుకుందాం. ఏడాదంతా ముఫ్త్, ఫ్రీ."

"ముఫ్త్ అంటే ఏదో మతలబుంటాది."

"ఏం మతలబు లేదు. ట్రయల్. వాడి చూడాలి, నచ్చితే తర్వాత పైసలు. కార్డ్ నంబర్ ఒక్కటి అడుగుతారు, బస్, అంతే."

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండెను తాకిందని డాక్టరు నన్ను ఇల్లు కదలనివ్వలేదు. అమ్మ బైబిలు ముందు పెట్టుకుని తెలుగు నేర్పింది. నాన్న ప్లాంట్‌లో పంచిన భద్రతా పుస్తకాలు తెచ్చి ఇంగ్లీషు నేర్పాడు. అందువల్ల నాకు మొదట వచ్చిన ఇంగ్లీషు మాటలు డేంజర్, స్టాప్, హెల్మెట్. ఫ్రీ అన్నది వాటిలో లేదు. ఉచితం అన్న మాటను నేను కృపను గురించిన వాక్యాల్లోనే ఎరుగుదును. అది అడక్కుండా ఇచ్చేది, ఇచ్చాక తిరిగి అడగనిది. కంప్యూటర్ తెర మీద ఆ మాట ఆకుపచ్చ రంగులో కనిపించగానే నాకు ఎవరికైనా వందనాలు చెప్పాలనిపించింది. మనసులో చెప్పుకున్నాను.

మావారి క్రెడిట్ కార్డు బ్యాంకువాళ్ళు ప్లాంట్ గేటు దగ్గర నిలబడి అంటగట్టింది, బీరువాలో కవరు కూడా విప్పకుండా ఉంది. నంబరు కొట్టగానే రెండు రూపాయలు తీసినట్టు ఆయన ఫోన్‌కి కబురొచ్చింది. కాసేపటికి ఆ రెండూ తిరిగి వేసినట్టు ఇంకో కబురు. కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడమట. పెద్దమ్మకి చెబితే, "తీసినోడు మళ్ళీ ఏసినాడంటే మంచోడే," అంది.

పాటలు చర్చి హాల్లోనే రికార్డు చేశాం. నా ఫోన్‌ని హార్మోనియం మీద నిలబెట్టి, చుట్టూ ఆడవాళ్ళం నేల మీద కూర్చున్నాం. నక్షత్రం పాట రెండో చరణంలో పెద్దమ్మ గొంతు లేచేసరికి పైన ఫ్యాను టకటక కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ పాట ఆపలేదు. రాగం ఎక్కడా తెగకుండా, తాళం తప్పకుండా, "ఓలమ్మా ఆ ఫేను ఆపండే" అని పాడేసి, తర్వాతి మాటలోకి వెళ్ళిపోయింది. ఎవరో లేచి ఫ్యాను ఆపారు. మిగిలినవాళ్ళం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వంత పాడాం.

"మళ్ళీ ఓపాలి పాడితే బాగుంటాది పెద్దమ్మా," అన్నాను.

"అంత బాగా మళ్ళీ రాదే," అంది.

నిజమే, అంత బాగా మళ్ళీ రాదు. ఆ ముక్క కత్తిరించడం నాకు చేతకాలేదు. అలాగే మబ్బులో పెట్టేశాను.

నేనే పెట్టాను. ఆడపడుచు పక్కన కూర్చుని చెబుతుంటే, ఈ ఊరు దాటని చేతులతో ఎక్కడో సముద్రాలవతల ఒక యంత్రాన్ని లేపి, దాని ఒళ్ళో పాట పెట్టాను. నర్సక్క ఫోన్ చేసి "ఇనపడతంది" అంది. ఆ సాయంత్రం నేను అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఉచితం కదా. మర్నాడు పిల్లల వాక్యాల కోసమని ఇంకో యంత్రం లేపాను. ఆ తర్వాత, మొదటిదానికి ఏమైనా అయితే అని మూడోది. ఒక్క మీట నొక్కితే ఒకటి లేచేది. నొక్కిన ప్రతిసారీ నాకు వరండాలోకి వెళ్ళి ఎవరికైనా చెప్పాలనిపించేది. పాలవాడికి కూడా చెప్పాను. "బఢియా హై దీదీ," అని మెచ్చుకున్నాడు, ఖాళీ గిన్నె కోసం చెయ్యి చాపుతూ.

వాటిని ఆపాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోచకపోవడానికి కారణముంది. నేను పెరిగిన ప్లాంట్ క్వార్టర్లో కరెంటు మీటరు లేదు. నాన్న జీతంలోంచి నెలకింతని పోయేది, అంతే. వరండా లైటు వెలిగితే వెలిగినట్టే ఉండేది. పైగా మావారు ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి. "ఇవి పడుకునేముందు ఆపాలంటారా?" అని అడిగితే ఆయన ముఖం అదోలా పెట్టాడు.

"నడిచేదాన్ని ఎవరైనా ఆపుతారా? చల్లారితే మళ్ళీ రాజెయ్యడం అంత ఈజీ అనుకున్నావేటి?"

అలా మూడు యంత్రాలూ రాత్రీ పగలూ సముద్రాలవతల కణకణలాడుతూనే ఉన్నాయి.

డిసెంబరు సగంలో ఒక మెయిల్ వచ్చింది. ఈ నెలకి మీ ఉచిత గంటలు అయిపోయాయి, ఇకమీద వాడినదానికి డాలర్లలో లెక్క అని. నేను దాన్ని అమ్మ నేర్పినట్టు వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. అర్థం మారలేదు. ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"ఏడాది ఉచితమన్నావు?"

"ఏడాది ఫ్రీయే భాభీ. కానీ నెలకి ఇన్ని గంటలని. ఒక్క మషీన్ నెలంతా ఆన్‌లో ఉన్నా సరిపోతాయి."

"మూడుంటే?"

"తీన్? భాభీ, మూడెందుకు?"

"ఉచితం కదాని."

"ట్యాంకు ఒకటే భాభీ. మీరు మూడు నల్లాలు ఇప్పి పెట్టారు."

ఆ పిల్ల శనివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. మావారు మొదటి షిఫ్టు చేసి వచ్చి అన్నం తింటూ మా ఇద్దరి మాటలూ విన్నాడు.

"మొత్తం తీసి పారేస్తే పోద్ది కదా," అన్నాడు.

"నందిని పిల్లలకి నక్షత్రం పాట ఇంకా పూర్తిగా రాలేదండి. క్రిస్మస్ దాకా ఉండాల," అన్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్న సంగతి ఆయనకి తెలుసు. ముద్ద మింగి కొంచెం ఆలోచించాడు.

"సరే, ఒకదానికి మీటరు తిరగనీ. ముసలమ్మ పాటకి బస్సు టికెట్ కొన్నామనుకుందాం. మిగిలిన రెండూ ఆపండి."

"ఆపితే చాలదు భయ్యా," అంది ఆడపడుచు. "దుర్గ్ స్టేషన్లో సామాను గదిలో పెట్టె పెట్టావనుకో. నువ్వు ఊరు తిరిగినా, ఇంట్లో పడుకున్నా దానికి అద్దె పడుతుంది కదా. ఇదీ అంతే. మషీన్ ఆపితే గంటలు ఆగుతాయి. లోపలున్న డిస్కుకి లెక్క ఆగదు. పూర్తిగా తీసెయ్యాలి. తీస్తే మళ్ళీ రాదు."

మళ్ళీ రాదు అనగానే ముగ్గురం తెర వైపు చూశాం. మూడు యంత్రాలు, మూడిటికీ పేర్ల చోట పొడవాటి అక్షరాలూ అంకెలూ. పాటలు ఏ దాంట్లో ఉన్నాయో నాకు గుర్తులేదు. ఆనందంలో ఏది ముందు లేచిందో చూసుకోలేదు. నందిని వాళ్ళకి ఇచ్చిన అడ్రసు చూద్దామంటే దాన్ని ఏదో కవరు మీద రాశాను, ఆ కవరు ఎప్పుడో పోయింది, నర్సక్క ఫోన్‌లో పాట పేరే తప్ప అంకెలు కనిపించవు.

ఆడపడుచు కంప్యూటర్ ఎలుక మీద చెయ్యి వేసింది. మావారు అన్నం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ముందు ట్యాగ్. మా దగ్గర ఏ స్విచ్ ముట్టుకోవాలన్నా ఏది ఏదో రాసిన ఎర్ర ట్యాగ్ కట్టాల. ట్యాగ్ లేకుండా బల్బు కూడా మార్చం."

"ఇది ఫర్నేస్ కాదు భయ్యా."

"ఫర్నేసైతే ఇంత భయం లేదు. అదైతే కంటికి కనపడతాది."

ప్లాంట్ పద్ధతిలోనే చేశాం. తీసెయ్యడం కాదు, ముందు ఒక్కొక్కటీ ఆపి చూడటం. నర్సక్కకి ఫోన్ కలిపి, అక్కడ పాట పెట్టించాం. మొదటిది ఆపాను.

"పాటొస్తందా అక్కా?"

"వస్తంది."

రెండోది ఆపాను.

"ఇప్పుడూ?"

"ఇప్పుడూ... లేదు. ఆగిపోనాది. ఏటి చేసినావు?"

వెంటనే దాన్ని మళ్ళీ లేపాను. పేరు పెట్టే చోట మావారు ఒక్కొక్క అక్షరమూ పలుకుతుంటే ఇంగ్లీషులో "పెద్దమ్మ, ముట్టుకోవద్దు" అని రాశాను. ఆయన రెండుసార్లు బయటికి చదివించాడు. మిగిలిన రెండిటినీ తీసేశాం. ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం.

"పాటొచ్చిందా అక్కా?"

"రాలేదే అమ్మా."

నాకు ప్రార్థన మాటలు కూడా రాలేదు. ప్రభువా అన్న ఒక్క మాటే వచ్చింది. ఆడపడుచు తెర మీదికి వంగి చూసి, నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఆపి మళ్ళీ వేస్తే అడ్రస్ మారిపోతుంది భాభీ. పాటలు అక్కడే ఉన్నాయి. క్వార్టర్ మారింది, సంసారం అదే."

కొత్త అడ్రసు అంకె అంకె ఫోన్‌లో చెప్పాను. నర్సక్క తిరిగి చదివింది. కాసేపు గరగర. తర్వాత మా ఫోన్‌లోంచి, నందిని నుంచి తిరిగొచ్చిన మా గొంతులే మాకు వినిపించాయి. మధ్యలో ఫ్యాను టకటక, ఫ్యాను ఆపమంటూ పెద్దమ్మ. మావారు చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి వంత పాడాడు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం చర్చి పెద్ద ఒకాయన వ్యాన్ ఇచ్చాడు. పెద్దమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి, వెనక మేమందరం ఒకరి ఒళ్ళో ఒకరం ఇరుక్కుని నందిని వెళ్ళాం. హాల్లో రంగుకాగితాలు, కేకు వాసన, ముందు వరసలో పిల్లలు. పెద్దమ్మ కర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

పిల్లలు నక్షత్రం పాట ఎత్తుకున్నారు. శ్రీకాకుళం బాణీ, సున్నపురాయి కాలనీ గొంతులు, పలుకులో కొంచెం హిందీ. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో గొంతులు లేచే చోట పిల్లలందరూ కుడిచెయ్యి పైకెత్తి, చుక్కను చూపించినట్టు వేలు చాపి, ఒక్క స్వరంతో పాడారు.

"ఓలమ్మా ఆ ఫేను ఆపండే."

హాలు వెనక ఒక తాతగారు లేచి స్విచ్ బోర్డు కోసం చూశారు. చలికాలం, ఫ్యాను తిరగడమే లేదు. నేను నర్సక్క వైపు చూశాను. ఆవిడ నవ్వాపుకుంటూ నా చెవిలో చెప్పింది.

"నాను డ్యూటీకి ఎల్తే పిల్లలు వాళ్ళకి వాళ్ళే ఫోన్‌లో ఇని నేర్సేసుకున్నారు. పాటలో మాటే అనుకున్నారు. తర్వాత సెబుదామనుకున్నాను గానీ, ఆ మాట కాడే బాగా పాడతన్నారు. తియ్యబుద్ది కాలేదు."

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని కూతురు దగ్గరికి వెళ్ళింది. ఆవిడ నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పాట అయ్యాక పిల్లల్ని దగ్గరికి పిలిచింది.

"ఇంకోపాలి పాడండర్రా. ఆ ఫేను ముక్క ఇడవకండి."

జనవరిలో బిల్లు వచ్చింది. వ్యాన్‌లో పోయించిన పెట్రోలు కంటే తక్కువ. నేను వందనాలు చెప్పుకుని, ఇంక ఆ ఖాతా మూసెయ్యడానికి కూర్చున్నాను. ఎందుకు వెళ్ళిపోతున్నారు అని అడిగి, రాయడానికి ఒక ఖాళీ గడి చూపించింది తెర. చాలాసేపు ఆలోచించి, నాన్న నేర్పిన ఇంగ్లీషులో రాశాను. పని పూర్తయింది, నందినిలో పాడారు, మీకు వందనాలు.

ఆఖరి మీట నొక్కేముందు లోపలి గదిలోంచి మావారు రాగం తీశాడు.

"ఓలమ్మా ఆ ఫేను..."

"ఆపేశానండి," అన్నాను నేను, అదే రాగంలో.