నైలాన్ దారానికి నేత ముడి

కొత్తవాడలో జంపఖానాలు నేసినన్నాళ్లూ మా రాజలింగు తాత వేసిన ముడి ఒక్కటీ జారలేదట. ఈ మాట వాడలో ఇంకెవరూ అనగా వినలేదు, తాతే అంటాడు. అయితే పోగు తెగితే పక్క మగ్గాల వాళ్లు అతన్నే పిలిచేవారన్నది మాత్రం నిజం. మాట్లాడుతూ మాట్లాడుతూ, చూడకుండానే రెండు కొసలూ కలిపేసేవాడు.

ఆ ధీమాతోనే ఆదివారం పొద్దున, వర్ధన్నపేట దగ్గరి చెరువు ఒడ్డున, అల్లుడి క్రాంక్‌బైట్ మీద చెయ్యి వేశాడు. అది వేలంత ప్లాస్టిక్ చేప. మూతి కింద చిన్న రేకు, పొట్టకూ తోకకూ మూడేసి ముళ్ల కొక్కేలు. దారం చుడితే మునిగి ఈదుతుంది, వదిలితే తేలుతుంది. కాజీపేటలో రైల్వే కొలువు చేసే ఉమాకాంత్, దోస్తును బతిమాలి తెచ్చుకున్న ఒక్కగానొక్క ఎర. "మామా, చాయ్ తెస్త. దీన్ని ముట్టకుండ్రి" అని మరీ చెప్పి కట్ట దాటాడు.

తాత దారం కొసను ఎరకు కట్టడం చూసి పక్కనే కూర్చున్న అతని భార్య మల్లవ్వ గొణిగింది. "ముట్టొద్దన్నడు గదనయ్యా?"

"ముట్టొద్దన్నడు. ఇసరొద్దన్లే."

విసిరాడు. రెండు చుట్లు చుట్టాడో లేదో, గాలం కర్ర విల్లులా వంగింది. కొర్రమట్ట! అంతలోనే వేలికి దారంలో ఏదో తేడా తెలిసింది. నూలు పోగును కరిచి పట్టుకునే ముడి, నున్నటి నైలాన్ మీద కొద్దికొద్దిగా జారుతోంది. లాగితే ముడి ఊడుతుంది, వదిలితే చేప తుంగలో దూరుతుంది. దారం కొంచెం వదిలాడు. చేప ఎగిరి తల విదిలించింది. కర్ర ఒక్కసారిగా తేలికైపోయింది.

దారం కొస ఖాళీ.

"పాయె!" అంది మల్లవ్వ.

పోలేదు. కాస్త దూరంలో ఎర ఎర్రటి ప్లాస్టిక్ వీపు తేలింది. కానీ తూము తెరిచి ఉంది, నీళ్లు అటే గుంజుతున్నాయి. ఎర మెల్లగా అటే కదిలింది. తూములో పడితే మళ్లీ దొరకదు. రేపటినుంచి అల్లుడి ముఖం ఎట్లా చూడాలి?

తాత లుంగీ ఎగ్గట్టి నీళ్లలో దిగాడు.

"నీకు ఈతొచ్చునా? ఎనుకకు రా!"

"కర్ర గట్టిగ పట్టుకో, లొల్లి జెయ్యకు."

కర్ర ఒక చివర మల్లవ్వ చేతిలో, ఇంకో చివర తాత చేతిలో. నడుము లోతు, ఛాతీ లోతు. కాళ్ల కింద బురద కరుగుతోంది. చెయ్యి చాపాడు. అందలేదు. ఇంకో అడుగు వేస్తే గడ్డం మునిగింది. ఎర తూము నోటి దగ్గర గిర్రున తిరిగింది. తాత ఒక్క ఊపున గుప్పిట్లో బిగించాడు. కొక్కెం బొటనవేలిలో కసుక్కున దిగింది. కేక పెట్టాడు గానీ గుప్పిట విప్పలేదు.

చాయ్ కవరు పారేసి ఉరికొచ్చిన ఉమాకాంత్ అతన్ని ఒడ్డుకు గుంజాడు.

"మామా, గిది పోతే ఇంకోటొస్తది. మీరు పోతే నేనేడికెళ్లి తేవాలె?"

"నీ దారమే మంచిది గాదు" అన్నాడు తాత, పళ్లు బిగబట్టి.

బండి మీద దవాఖానకు పోతుంటే బొటనవేలికి ప్లాస్టిక్ చేప ఊగులాడింది. ఊరి జనం చూడకుండా తాత దాని మీద తువ్వాల కప్పాడు. డాక్టరమ్మ ముల్లు కోసి తీసి, కట్టు కట్టి, సూది వేసింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక తాత అల్లుడి వైపు తిరిగాడు. ఎన్నడూ ఎవరినీ అడగని మాట అడిగాడు.

"ఆ నైలాన్‌కు ముడి ఎట్లేస్తరో... జర చూపియ్."

ఉమాకాంత్ నవ్వలేదు. జేబులోంచి దారం ముక్క తీసి, ఎర మూతి కంతలో దూర్చి, మెలికలు తిప్పి, కొసను వెనక్కి తెచ్చి, "ఇగ ఉమ్మితోటి తడిపి బిగించాలె మామా" అన్నాడు.

తాత ముఖం వెలిగింది. "గిదా! పోగుకు ఉమ్మి తడి పెట్టి ముడేసుడు మా మగ్గం పనేనాయె, నువ్వు నాకు నేర్పేదేంది?" అంటూ కట్టు కట్టిన వేలితోనే దారం లాక్కున్నాడు.