రేవు దగ్గర నేనిచ్చిన మాట

మేము దిగిన రోజు వాన. ఉదయం ఆరూ నలభైకి రవాణా విమానం మట్టి రన్‌వే మీద ఆగింది. వెనక తలుపు తెరవగానే ఎర్రటి బురద. వీపున ఇరవై రెండు కిలోల సంచి, చేతిలో వైర్‌లెస్ సెట్, తల మీద ఐక్యరాజ్యసమితి శాంతి సేన నీలం హెల్మెట్. ఆఫ్రికాలో ఒక నది ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ ఇంకా ఆ మనుషులే బతుకుతున్నారు.

నేను కంపెనీ రేడియో ఆపరేటర్‌ని. మాది పుంగనూరు దగ్గర చౌడేపల్లె. మా బండి డ్రైవర్‌ది కుప్పం. నర్సింగ్ అసిస్టెంట్‌ది మదనపల్లె. ముగ్గురిదీ ఒకే యాస కాబట్టి మేజర్ గారు మమ్మల్ని ఒకే బండిలో వేశారు.

డ్రైవర్ వంగి బురద చేతిలోకి తీసుకున్నాడు. “సూడప్పా, మనూరి మట్టి మాదిరే ఉండాది. టమోటా బాగా వస్తాది ఈడ.”

“ముందు వాన నిలవనీప్పా,” అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. “మా మదనపల్లెలో ఇంత వాన పడితే పండగ సేసుకుంటారు.”

క్యాంపు అంటే ఇసుక బస్తాల గోడ, ఆరు కంటైనర్లు, ఒక బోరు. ముళ్లకంచె అవతల టార్పాలిన్ల కింద ఇళ్లు కాలిపోయిన జనం. మాకిచ్చిన ఆర్డరు ఒక పేజీ. జనాన్ని కాపాడండి. మీ మీద కాల్పులు జరిగితేనే కాల్చండి. ప్రభుత్వానికీ తిరుగుబాటుదార్లకీ మధ్య తలదూర్చకండి. అది రాసినవాళ్లు ఆ ఊరి నది రేవు దగ్గర ఎప్పుడూ నిలబడి ఉండరు.

నాలుగో నెలలో ఆ దేశపు మంత్రి ఒకాయన వచ్చాడు. ఆ జిల్లా ఆయన సొంత జిల్లా. నెలకు రెండుసార్లు వచ్చేవాడు. కాపలా మాది. తన కారును ఖాళీగా వెనక రమ్మని, మా బండిలో, నా వెనక సీట్లో కూర్చునేవాడు. “నా కారు ఏదో అందరికీ తెలుసు,” అనేవాడు ఇంగ్లీషులో.

దారి పొడుగునా తన కథ చెప్పేవాడు. ఒకప్పుడు లెక్కల మాస్టారు. ప్రభుత్వ సైనికులు బడి తగలబెట్టారు. మర్నాడే తుపాకీ పట్టి అడవిలోకి వెళ్లాడు. పదమూడేళ్లు అక్కడే. తొడలో గుండు దిగితే ఒక స్నేహితుడు తొమ్మిది రోజులు భుజాల మీద మోశాడు. ఆ స్నేహితుడు అదే బడిలో బెంచీలు చేసిన వడ్రంగి. అడవిలో కూడా అందరూ అతణ్ణి వడ్రంగి అనే పిలిచేవారు. తర్వాత శాంతి ఒప్పందం వచ్చింది. మాస్టారు సంతకం పెట్టి మంత్రి అయ్యాడు. వడ్రంగి పెట్టలేదు. అడవిలోనే ఉండిపోయాడు.

మంత్రి అయినా ఆయనకు మంచం మీద నిద్రపట్టదు. నేల మీదే పడుకుంటాడు. ఏ గదిలోకి వెళ్లినా ముందు కిటికీలు చూస్తాడు.

ఒకసారి నా ఫోన్లో మా ఆవు ఫొటో చూశాడు. “ఇది దూడా?”

“ఆవే సార్. మా పుంగనూరు జాతి ఇంతే ఉంటుంది. రెండుసార్లు ఈనింది కూడా.”

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. వాళ్ల పశువులకు కొమ్ములే మనిషి చేయంత పొడుగు. “ఇలాంటివి పెంచుకుని ఉంటే మా దేశంలో పశువుల కోసం ఎవరూ చంపుకునేవాళ్లు కాదు,” అన్నాడు. ఆ మనిషంటే నాకు ఇష్టం ఏర్పడింది. అది దాచి చెప్పడం న్యాయం కాదు.

ఏడో నెలలో వడ్రంగి లొంగిపోవడానికి ఒప్పుకున్నాడని కబురొచ్చింది. ఒక షరతు పెట్టాడు. మంత్రి మాట నమ్మడు. నీలం టోపీ వాళ్లు స్వయంగా చెబితే వస్తాడు. హెడ్‌క్వార్టర్స్ ఒప్పుకుంది. మేజర్ గారు నాకు కాగితం ఇచ్చి చదవమన్నారు. మంత్రి నా పక్కనే నిలబడ్డాడు.

నేను సెట్ నొక్కి నెమ్మదిగా చదివాను. రేపు ఉదయం ఏడింటికి రేవు దాటి రండి. మేము అక్కడ ఉంటాం. మీకు ఏ హానీ జరగదు. మిమ్మల్ని మా క్యాంపుకు తీసుకెళ్తాం.

కాసేపు గరగర. తర్వాత ఒక ముసలి గొంతు. “నీది ఏ దేశం?”

“ఇండియా.”

“పిల్లలున్నారా?”

“ఒక కూతురు.”

“అయితే వస్తాను.”

మర్నాడు ఏడూ పదికి నదిలో దిగారు. మొత్తం పద్నాలుగు మంది. నడుము లోతు నీళ్లు. తుపాకులు తలల మీదికి ఎత్తి పట్టుకున్నారు. గట్టెక్కి వాటిని టార్పాలిన్ మీద వరుసగా పెట్టారు. నర్సింగ్ అసిస్టెంట్ వాళ్ల పుళ్లు కడిగాడు. డ్రైవర్ టీ పోశాడు. మంత్రి, వడ్రంగి ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. మంత్రి ఏడ్చాడు. వడ్రంగి ఆయన వీపు తట్టాడు.

ఎనిమిదీ ఇరవై ఐదుకు ప్రభుత్వ సైన్యం లారీలు మూడు వచ్చాయి. అరవై మంది దాకా దిగారు. మేము పదకొండు మందిమి. వాళ్ల ఆఫీసర్ ఒక కాగితం చూపించాడు. ఖైదీలను తమకు అప్పగించమని ఉంది. కింద మంత్రి సంతకం.

సెట్ నొక్కాను. “సార్, వీళ్లను లారీ ఎక్కిస్తున్నారు. అడ్డుకోమంటారా?”

“ఆగు,” అన్నారు మేజర్ గారు. రెండు నిమిషాలు. “హెడ్‌క్వార్టర్స్ ఆర్డర్. అడ్డుకోవద్దు. చూసి రిపోర్ట్ చెయ్యి.”

“సార్, మనం మాటిచ్చాం.”

“నాకు తెలుసు. అవుట్.”

డ్రైవర్ చేయి తాళం మీదే ఉంది. “దోవకు అడ్డంగా బండి పెడతానప్పా. ఒక్క మాట సెప్పు.”

“ఆర్డర్ లేదప్పా,” అన్నాను.

ఎన్నో రాత్రులు ఆ మాటను వెనక్కి తీసుకున్నాను. తెల్లారేసరికి అది మళ్లీ నోట్లోనే ఉంటుంది.

లారీలు కదిలాయి. ఎనిమిదీ యాభైకి పాత ఇటుక బట్టీల వైపు నుంచి తుపాకుల మోత. నర్సింగ్ అసిస్టెంట్ పైకి లెక్కపెట్టాడు. ఆరు దాకా లెక్కపెట్టి ఆపేశాడు.

మంత్రి మా బండిలో కూర్చుని ఉన్నాడు. “మీకు తెలుసా సార్?” అని అడిగాను.

“సంతకం నాదే. క్యాబినెట్‌లో అందరూ పెట్టారు. నాది లేకపోయినా కాగితం చెల్లేది. కానీ నాది ఉండి తీరాలన్నారు.” తొడ మీది పాత గాయం తడుముకున్నాడు. “వాడు అడవిలో ఉన్నంతకాలం ప్రతి వానాకాలం పది ఊళ్లు కాలేవి. ఇప్పుడు కాలవు.” అద్దంలోంచి బయటికి చూస్తూ మళ్లీ అన్నాడు. “నా స్థానంలో వాడు ఉంటే మాత్రం సంతకం పెట్టేవాడు కాదు.”

డ్రైవర్ బండి స్టార్ట్ చేయలేదు. “ఈయన్ను దిగమనప్పా. నా బండిలో వద్దు.”

మంత్రికి తెలుగు రాదు. అయినా అర్థమైంది. దిగి, వానలో కాలు ఈడుస్తూ తన కారు వైపు నడిచాడు. ఆ కాలు తొమ్మిది రోజులు ఎవరి భుజాల మీద వచ్చిందో మా ముగ్గురికీ తెలుసు.

ఏడు వారాల తర్వాత మా గడువు ముగిసింది. బెంగళూరు నుంచి నేను నేరుగా పుంగనూరు బస్సెక్కవచ్చు. కానీ డ్రైవర్ మాట్లాడటం మానేశాడు. ఒంటరిగా పంపలేక కుప్పం దాకా రైల్లో తోడు వెళ్లాను. స్టేషన్లో వాళ్లమ్మ అతని మొహం చూసి నన్నడిగింది. “యాల నాయనా, నా కొడుకు ఇట్లుండాడు?” అతని సంచి తీసి ఆమె పక్కన పెట్టాను. అతను మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఇప్పుడు గ్రానైట్ యార్డులో రాళ్లకు నీళ్లు పడతాడు.

మా ఊళ్లో పూలదండ వేశారు. మెడల్ చూశారు. “ఆడ ఏం సేస్తాంటివప్పా?” అని అడిగారు. కాపలా కాశామని చెప్పాను.

రెండేళ్లకు మదనపల్లె నుంచి నర్సింగ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు. మంత్రి ఆదివారం ప్రార్థనకు కాపలా లేకుండా నడిచి వెళ్తుంటే ఎవరో కాల్చేశారట. “నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదప్పా,” అన్నాడు. నాకూ తెలియలేదు. పది ఊళ్లు కాలడం ఆగిందా అని అడిగాను. ఆగలేదన్నాడు.

మనసులోంచి పోనిది ఒకటుంది. కాల్పుల మర్నాడు ఉదయం ఆరింటికి సెట్ పలికింది. అవతలి ఒడ్డు నుంచి ఒక ఆడమనిషి, వచ్చీరాని ఇంగ్లీషు. వడ్రంగి భార్య. “నీలం టోపీ, నీలం టోపీ. మావాళ్లు క్షేమంగా చేరారా? ఆయనకు కడుపులో పుండు ఉంది. అన్నంలో కారం వేయకండి.” ఆ ఫ్రీక్వెన్సీలో జవాబివ్వకూడదని మాకు ఆర్డరు. రెండో రోజూ పిలిచింది. మూడో రోజూ పిలిచింది. నాలుగో రోజు ఆమె బ్యాటరీ అయిపోతోంది. గొంతు సన్నబడింది. కారం అన్న మాటొక్కటే తెలిసింది. సెట్ మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. నా బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.