వెనక్కి తిరిగిన కోటగిరి ఆటో

తొంభైల చివర్లో మోటారు పంపులు అమ్మే పని మీద బాన్సువాడ వెళ్లాను. అక్కడి నుంచి కోటగిరి వెళ్లే ఆటో ఎక్కితే, అది నిండేదాకా డ్రైవరు మమ్మల్నందరినీ ఎండలో కూర్చోబెట్టాడు. తీరా అది కదిలాక, పొద్దుటి నుంచీ ఉండి ఉండి దడదడలాడుతున్న నా గుండె ఇక ఆగకుండా కొట్టుకోసాగింది. కళ్లు తిరిగాయి. ఊపిరి అందలేదు.

పక్కనే కూరగాయల గంపతో కూర్చున్న ఆవిడ, "ఏంది తమ్మీ, గట్ల చెమటలు పడుతున్నయ్?" అంది.

"టీలు ఎక్కువయ్యాయి. మీ పని మీరు చూసుకోండి," అని కసిరాను.

"చాయ్ తాగినోళ్లందరు గిట్లనే ఒరుగుతరా?" అని డ్రైవరును కేకేసింది. "అన్నా, ఆటో ఎనక్కి మలుపు. దవాఖానకు పోదాం."

నాకు ఒళ్లు మండింది. అంతసేపు ఎండలో కాచుకున్నవాళ్లలో ఒక్కరైనా అడ్డు చెబుతారనుకున్నాను.

"మలుపు మలుపు, కోటగిరి యాడికి పోతది!" అన్నాడొక ముసలాయన. అందరూ నా వెంట దవాఖాన లోపలికి కూడా వచ్చారు.

మందిచ్చి దడ తగ్గాక డాక్టరు కోప్పడ్డాడు. "కాసేపు దడ వచ్చి పోతే వేరు. కళ్లు తిరిగినా, ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి పుట్టినా వెంటనే రావాలి. ఇవాళే నిజామాబాద్ పోయి గుండె పరీక్ష చేయించుకో." చీటీ రాస్తూ ఆవిడను అడిగాడు. "నువ్వేమైతవమ్మా?"

"అక్కను."

"మీ తమ్ముని పేరు?"

ఆవిడ నా వైపు తిరిగి విసుక్కుంది. "చెప్పరాదు తమ్మీ! కసురుడే గానీ పేరన్న చెప్పకపోతివి."

చెప్పాను. ఆమె పేరు అడగాలని మాత్రం నాకు తోచలేదు.