మా నాన్న అరగంట

గుఢియారీ అండర్‌బ్రిడ్జి దాటగానే ముంగోడీలు వేగే నూనె వాసన ఇప్పటికీ నా స్కూటీకి అడ్డం పడుతుంది. పెసరపిండి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిసిన ఆ వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం తొమ్మిదేళ్లప్పుడు నేను చేసిన గూఢచారి పని గుర్తొస్తుంది.

మా నాన్న శ్రీకాకుళం నుంచి ఛత్తీస్‌గఢ్ వచ్చి ఇక్కడి రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరుగా చేరాడు. మా అమ్మకు సంతోషమంటేనే అనుమానం. తీజా పండక్కి పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ కరకరలాడే ఠేఠరీలు, బెల్లం ఖుర్మీలు పళ్లెం నిండా పంపితే "ఇంత ప్రేమేటో!" అంటూ ముందు వాసన చూసేది, దీపావళికి తాను వండిన బెల్లం పోకుండలు బాగా కుదిరితే ఏం కీడు మూడుతుందోనని దిగులుపడేది, మేం వీధి పిల్లలం చలిలో ఏడుపెంకులాట ఆడి, ఉప్పూకారం అద్దిన జామకాయలు కొరుక్కుంటూ పగలబడి నవ్వుతూ వస్తే "సాలు, ఎక్కువ నవ్వితే ఏడుపొస్తాది" అని గదమాయించేది.

అలాంటి ఇంటికి ఒక చలికాలం మా నాన్న రోజూ అరగంట ఆలస్యంగా, అదీ ఈల వేసుకుంటూ రావడం మొదలుపెట్టాడు. అమ్మ చొక్కా వాసన చూసింది. గ్రీజు తప్ప మరేమీ తగల్లేదు. తాగుడు కాకపోతే ఇంకో ఆడమనిషే అని తేల్చుకుంది. నన్ను తీసుకుని పుట్టింటికి పోవడానికి మంచం కింద సంచి కూడా సర్దిపెట్టింది. ఆ సంచిలో నా గౌనులూ కనబడ్డాయి.

"ఒలే, మీ నాన్న ఎక్కడ చక్కర్లు కొడతన్నాడో సూసి రా. అబద్దమాడితే తంతాను" అంది అమ్మ.

నాన్న వచ్చే దారిలో, అండర్‌బ్రిడ్జి దగ్గరి ముంగోడీల బండి వెనక నక్కి చూశాను. నాన్న సైకిలుకు స్టాండు వేసి, పట్టాల పక్కన పాత సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. గూడ్సు దడదడలాడుతూ వస్తే చెవి ఒగ్గి విన్నాడు. ఒక వ్యాగన్ దాటగానే తొడ చరుచుకుని, తనలో తానే నవ్వాడు. అంతే, ఇంకెవరూ రాలేదు. పరుగున వచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అమ్మ నిలదీస్తే నాన్న సిగ్గుపడ్డాడు. "నేను బాగుసేసిన డబ్బా పోతంటే సెక్రాల సప్పుడు ఇంటాను. సరిగ్గా పలికితే దిల్ ఖుష్ అయిపోద్ది."

"ఇనప డబ్బాని సూసి ఎవులైనా నవ్వుతారేటి? నిజం సెప్పు."

నా తల మీద చెయ్యేయించి ఒట్టు పెట్టించింది. ఆయన ఒట్టేశాడు. ఆమె నమ్మలేదు.

మర్నాటి నుంచి నాన్న వేళకే వచ్చాడు, ఈల లేదు. కాళ్లు కడుక్కుని, తలొంచుకుని అన్నం తినేవాడు. వారం తిరిగేసరికి అమ్మ సంచి విప్పి నా గౌనులు మళ్లీ పెట్టెలో సర్దింది. ఆమె మనసు కుదుటపడింది. నేను మాత్రం చాలా రోజులు ఆ వేళకు గుమ్మంలో నిలబడి ఈల కోసం చూశాను. చూసిందంతా నిజమే చెప్పినా, తప్పు చేసినట్టే ఉండేది. ఇప్పటికీ ఉంటుంది.

ఇప్పుడా దిమ్మ లేదు, పట్టాల పొడవునా గోడ కట్టేశారు. నాన్నా లేడు. నేను ఆఫీసు నుంచి వస్తూ ముంగోడీల పొట్లం పట్టుకుని ఆ గోడ పక్కన పది నిమిషాలు నిలబడి, కనబడని గూడ్సు చప్పుడు వింటాను. ఏం సరిగ్గా పలికిందో నాకు తెలియదు గానీ మనసు తేలికవుతుంది. ఇంటికెళ్లాక ఆలస్యమేమిటని మా ఆయన అడుగుతాడు.

"ట్రాఫిక్" అంటాను. వెంటనే నమ్మేస్తాడు.

ఆ ఒక్క అబద్ధం మా నాన్నకు చేతనై ఉంటే ఎంత బాగుండేది.