ఇంజనీరు గారి నాలుక

మా ఇంజనీరు గారు ఇసుక తినేవారు. తుపాను వెళ్ళిన మరుసటి ఏడాది, రాజోలు అవతల రోడ్డు మీద కల్వర్టు కడుతున్నప్పుడు నేను ఆయన దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుని. ఇసుక లోడు దిగగానే చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవారు. గోదావరి ఇసుకలో సముద్రపు ఇసుక కలిపితే ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పు స్లాబులోని ఇనుమును తినేస్తుంది. ల్యాబు నుంచి రిపోర్టు వచ్చేలోగా స్లాబు పోసేస్తారని ఆయన నాలుకనే నమ్ముకున్నారు.

ఒక రోజు అలాగే రుచి చూసి "ఉప్పండీ, వెనక్కి పట్టుకెళ్ళిపోండి" అన్నారు. ఆ ఇసుక తోలించిన కాంట్రాక్టరు తమ్ముడు ఆయన్ని ఇసుక కుప్ప మీదకి పడదోసి, గుండెల మీద మోకాలు పెట్టి, గుప్పెళ్ళతో ఇసుక నోట్లో కుక్కాడు.

"తినండి సార్, కడుపునిండా తినండి! ఇప్పుడు చెప్పండి!"

మా వైపు తన్నేటప్పుడు కూడా 'అండీ' పోదు. నేనూ లారీ డ్రైవరూ కలిసి లాగితే గానీ వాడు లేవలేదు. లేచినవాడు పలుగు అందుకుని ఆయన మీదకి ఎత్తాడు.

ఇంజనీరు గారు కూర్చుని, రక్తంతో పాటు ఒక పన్ను ఉమ్మారు.

"ఇప్పుడు చెప్పకూడదండి. రక్తం కూడా ఉప్పగానే ఉంటుంది" అని నన్ను నీళ్ళు అడిగారు. ఉమ్మిలో ఎరుపు పోయేదాకా పుక్కిలించారు. తర్వాత కుప్పలోంచి ఇంకో చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు. పలుగు ఆయన తల మీద అలాగే లేచి ఉంది.

"ఆయ్, ఉప్పేనండి" అన్నారు.